బొమ్మల కొలువులో విమానాశ్రయం

ఎనభైల నాటి మాట. ఆ యేడు దసరాకి అమలాపురంలో మా ఇంటి బొమ్మల కొలువులో విమానాశ్రయం కట్టాలనుకున్నాను. కంటితో చూడనిదాన్ని ఎలా కట్టను? హైదరాబాదులో తమ్ముడింటికి వెళ్ళినప్పుడు, విమానాల రాకపోకలు చూద్దామని బేగంపేటలో సందర్శకుల మేడ ఎక్కాను. విమానం ఆగగానే మెట్లబండి, దాని వెనకే సామాన్ల బండి ఎదురెళ్ళడం చూసి మురిసిపోయాను.

పక్కన బురఖాలో ఒక పెద్దావిడ, చేతిలో జపమాల.

"ఎవరొస్తున్నరు బిడ్డా?"

"ఎవరూ లేరండీ. మా కొలువులో బొమ్మల కోసం చూస్తున్నాను."

"బొమ్మలకు గూడ విమానమా!" అని పకపకా నవ్వింది.

అంతలో గాలివాన మొదలైంది. దిగుతున్న విమానం నేల తాకబోయి, ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ మబ్బుల్లోకి లేచిపోయింది. ఆవిడ కళ్ళు మూసుకుని పూసలు తిప్పుతోంది. నేను వాడపల్లి వెంకన్నకి చేతులు జోడించాను. చాలాసేపటికి అది తిరిగొచ్చి, నీళ్ళు చిమ్ముకుంటూ క్షేమంగా దిగింది.

"అందులో మీవాళ్ళెవరండీ?" అన్నాను, ఆవిడ చెయ్యి పట్టుకుని.

"నావాళ్ళెవ్వరు లేరు. మా ఇల్లు ఈడనే. వంట అయినంక రోజు వస్త, దిగేటోళ్ళ కోసం దువా చేస్త."

ఆ దసరాకి నా అట్టముక్కల మేడ మీద నల్లబట్ట చుట్టిన బొమ్మనొకదాన్ని నిలబెట్టాను.

"ఈవిడ ఎవరికోసం వచ్చిందండీ?" అని అడిగింది పేరంటానికొచ్చిన పక్కింటి పిన్నిగారు.

"విమానంలో ఎవరుంటే వాళ్ళకోసమండీ."