పేరు రాయక్కర్లేని కాగితం

మొన్న ఆదివారం మా కోడలు ఫోనులో టకటకా నక్షత్రాలు నొక్కుతుంటే, నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఏమిటని అడిగితే, తను చదువుతున్న కోర్సు ఎలా ఉందో యూనివర్సిటీ వాళ్లు అడుగుతున్నారట. "అన్నిటికీ అయిదే కొడుతున్న అత్తమ్మా. పేరు గూడ రాయనక్కర్లే. ఎవలు సదువుతరు గివి?" అంది. పేరు అక్కర్లేదన్న మాట వినగానే నా చేయి ఆగిపోయింది.

నేను అక్షరాలు నేర్చింది నలభై దాటాక. అంతకు ముందు, ఉప్పల్లో మా మామగారి పొలం అమ్మినప్పుడు, ఒక కాగితం మీద నా వేలిముద్ర వేయించుకున్నారు. "ఊకెనే, రివాజు" అన్నారు ఇంటి మగవాళ్లు. ఆ కాగితంలో ఏముందో నాకు తెలిసేసరికి అక్కడ మూడంతస్తులు లేచాయి. అప్పటి నుంచి కాగితమంటే అనుమానం. ఆ అనుమానమే నన్ను పలకా బలపం పట్టించి, చివరికి నాచారంలో ఆదివారాలు జరిగే డిగ్రీ క్లాసుల దాకా తీసుకుపోయింది. అక్కడ చరిత్ర చెప్పే మేడమ్ కోస్తా నుంచి వచ్చినావిడ. మాట నెమ్మది, చెయ్యి మహా వేగం. బోర్డు నిండా రాసేవారు, నా రాత నాలుగో వరుసకు చేరేలోగా తుడిచేసేవారు. నా నోటుబుక్కులో రాజులందరూ గద్దెనెక్కారు గానీ ఒక్కరూ దిగలేదు.

ఒక ఆదివారం ఆవిడ తెల్లకాగితాలు పంచి, "నా పాఠంలో ఏం బాగాలేదో రాయండి. పేరు వద్దు. మార్చుకుంటాను" అన్నారు. పేరడిగితే ఎందుకని అడగొచ్చు. పేరే వద్దంటే ఏమనుకోవాలి? హాజరు కాగితం మీద ఆవిడ సంతకం పడితేనే మమ్మల్ని పరీక్షకు కూర్చోనిస్తారు మరి. మందుల కంపెనీలో పనిచేసే నా పక్క అమ్మాయి చెవిలో చెప్పింది: "మస్తు జెప్తున్రని రాసి పడెయ్యి పెద్దమ్మా. నీ రాత ఎవలు గుర్తువట్టరు? ఒక్కో అక్షరం గారె అంతుంటది."

నిజమే. అందుకని కాగితం కొంగు చాటున పెట్టుకుని ఎడమ చేత్తో రాశాను: "బోర్డు తొందరగా తుడుస్తున్నారు." ఎడమ చేతి రాతే కాస్త కుదురుగా ఉన్నట్టనిపించి ఒళ్లు మండింది కూడా.

మరుసటి వారం మేడమ్ సగం బోర్డే తుడిచారు. తుడిచే ముందు తిరిగి నా వైపే చూశారు. అప్పుడు తట్టింది. రాతను దాచాను గానీ, అందరూ పెన్నులు మూసినా ఇంకా రాస్తూ ఉండేది నేనేనన్న సంగతి దాచలేదు. "దొరికినవ్ పెద్దమ్మా! సంతకం వెడతదా ఇగ?" అని పక్క అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆ తర్వాత ఆవిడ నవ్వినా అనుమానమే, నవ్వకున్నా అనుమానమే. క్లాసు అయ్యాక హాజరు పుస్తకంలో నా పేరు ఉందో లేదో చూసుకోనిదే కదిలేదాన్ని కాదు.

చివరి ఆదివారం బోర్డు నిండా రాశాక మేడమ్ నన్ను బల్ల దగ్గరికి పిలిచారు. సంతకం పెట్టిన హాజరు కాగితం నా చేతికిచ్చారు. అక్కడే నిలబడి ప్రతి వరుసా రెండుసార్లు చదివాను. చదవడం అయ్యేదాకా ఆవిడ ఆగారు. తర్వాత డస్టర్ కూడా ఇచ్చి, "ఈవేళ మీ రాత అయ్యాక మీరే తుడవండమ్మా" అన్నారు. వేళాకోళమో మర్యాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నా రాత ముగించి, బోర్డు దగ్గరికి వెళ్లి, డస్టర్ ఎత్తి ఎందుకో వెనక్కి చూశాను. చివరి బెంచీలో, సెక్యూరిటీ బట్టల్లోనే క్లాసుకొచ్చిన ఒకాయన తల వంచుకుని ఇంకా రాస్తున్నాడు. అన్నాళ్లూ నా వెనక ఎవరున్నారో నేను తిరిగి చూసిందే లేదు.

చెయ్యి దించేశాను. అక్షరాల దగ్గరికి ఆలస్యంగా వచ్చానని నన్ను అందరూ అన్నారు. ఆ కాసేపు మాత్రం, డస్టర్ నా చేతిలో ఉన్నంతసేపు, ఆ గదిలో ఎవరికీ ఆలస్యం కాలేదు.