వెలుతురు వస్తువేనా?

ఆ ఏడు నేను పదో తరగతి. అరకులో సంతవీధి వెనక మాకు రెండు గదుల ఇల్లు. నాన్న లేడు. ముందు గదికి ఒకే ఒక్క కిటికీ, దాని కింద అమ్మ కుట్టుమిషను. సంతరోజు పొద్దున్నే కొండల మీదనుంచి ఆడవాళ్లు దిగేవారు. జాకెట్టు గుడ్డ అమ్మ చేతిలో పెట్టి, పసుపో చింతపండో అమ్ముకోవడానికి సంతలోకి వెళ్లి, సాయంత్రం తిరిగి వెళ్తూ కుట్టిన జాకెట్టు పట్టుకుపోయేవారు. ఆ ఒక్కరోజు పనే మాకు వారమంతా తిండి. కరెంటు ఉండీ లేనట్టే. ఉన్నప్పుడు కూడా బల్బు ఎర్రగా మూలుగుతూ ఉండేది. అందుకని అమ్మకు ఆ కిటికీయే దిక్కు.

పక్క స్థలం ఒక కిరాణా వ్యాపారిది. మాలాగే మైదానం నుంచి ఘాటెక్కి వచ్చినవాడు, అమ్మను అక్కా అనే పిలిచేవాడు. ఆయన గోదాము కట్టడం మొదలెట్టాడు. మా కిటికీకి ఎదురుగా, రెక్క తెరవడానికి కూడా చోటు లేనంత దగ్గరగా ఇటుకలు పేర్చారు. రెండు వరసలు లేచేసరికి అమ్మ కొంగు బిగించి వెళ్లింది.

"నీ జాగాలో అంగుళం తొక్కేనేటక్కా? నీ వస్తువేదైనా తీసేనా?" అన్నాడాయన.

"నా గాలీ వెలుతురూ తీసీసినావు!" అంది అమ్మ.

తగువు బజారు పెద్దల దాకా పోయింది. నలుగురూ మా అరుగు మీద కూర్చున్నారు. అందరిలోకీ ముసలాయన, వస్తువు పోతేనే తగువు చెల్లుతుందన్నాడు. మరి గాలీ వెలుతురూ వస్తువులా, కాదా? ఎవరికీ తేలలేదు. ఆయన నావైపు తిరిగాడు.

"ఏమ్మా గుంటా, సైన్సు సదువుతున్నావు కదా. నువ్వే సెప్పు."

"సెప్పవే, బడిలో ఫస్టు వత్తావు కదా!" అంది అమ్మ, గెలిచేసినట్టే.

నాకు ఒళ్లు పొంగిపోయింది. ఆ వారమే మాస్టారు కర్రకు రెండువైపులా ఊదిన బుడగలు కట్టి, ఒకటి పగలగొట్టి, రెండోవైపు ఒరగడం చూపించారు.

"చోటు ఆక్రమించి, బరువున్నదే పదార్థం. గాలి పదార్థం, తాతగారూ. వెలుతురు కాదు," అని గడగడా అప్పజెప్పేశాను.

పెద్దలు తెగ సంతోషించారు. తీర్పు చెప్పేశారు. గాలి వస్తువు కాబట్టి దానికి జానెడు సందు వదలాలి. వెలుతురు వస్తువే కాదు కాబట్టి దాని ఊసెత్తక్కర్లేదు, గోడ ఎంత ఎత్తయినా లేపుకోవచ్చు.

అమ్మ నన్ను చూసిన చూపు! "నోరు ముయ్యలేకపోనావేటే?"

"నిజమే చెప్పానమ్మా."

"ఎవులి నిజమే అది?"

ఆ చలికాలమంతా మాకు అక్కర్లేని మంచుగాలి మాత్రం తీర్పు ప్రకారం ఆ సందులోంచి సర్రున వచ్చేది. నాకు తిక్కతిక్కగా ఉండేది. తప్పు చెప్పానా అంటే పుస్తకం నా పక్షమే. వెలుతురు పదార్థం కాకపోతే గోడ ఆపింది దేన్ని అని మాస్టారినే అడిగాను. శక్తి అన్నారు. ఆ శక్తి ఎవరిది, మాదా పక్కవాళ్లదా? "పరీక్షలో అది రాదు, పో," అన్నారు. పోనీ గాలి సంగతేమిటి, కొండమీద పుట్టి వచ్చేది మా వస్తువెలా అయింది? ఎంత చిలికినా నా బుర్రలో వెన్న పడలేదు.

అమ్మ మిషనును అరుగు మీదకు లాగింది. పొగమంచుకు గుడ్డ చెమ్మగిల్లేది, వేళ్లు కొంకర్లు పోయేవి. మళ్లీ లోపలికే చేరింది. కళ్లు చికిలించుకుని కుడితే నల్లగుడ్డ మీద నల్లదారం గీత తప్పేది. బేరాలు ఒక్కొక్కటే వేరే దర్జీ దగ్గరకు మళ్లాయి. చివరికి దిండు గలీబులూ పరదాలూ, తిన్నగా కుట్టుకుపోయేవే మిగిలాయి.

నేను డిగ్రీకి విశాఖపట్నం వెళ్లాను. అక్కడ లెక్చరరు, వెలుతురుకు బరువు లేదుగానీ పడినచోటల్లా నెడుతుంది, ఒకసారి అలలా ఒకసారి రేణువుల్లా నడుస్తుంది అన్నాడు. ఓరి దేవుడా! బరువే లేనిది నెట్టడమేమిటి? "అయితే వస్తువేనా సార్?" అని లేచి అడిగాను. క్లాసంతా నవ్వింది. ఆయన "కాదు, కానీ..." అని ఆగి, బోర్డంతా లెక్కలతో నింపేశాడు. లెక్క అర్థమైంది, సంగతి అర్థం కాలేదు.

సెలవులకు ఇంటికొచ్చి అమ్మకు అదంతా చెబుతున్నాను. అంతలో ఒకామె కూతురి పెళ్లికని ఎర్ర జాకెట్టు గుడ్డ పట్టుకుని కొండ దిగి వచ్చింది. తన పెళ్లి జాకెట్టు కూడా అమ్మ చేతే కుట్టించుకున్న మనిషి. అమ్మ గుడ్డ నిమిరింది, అంచు కోసం వెతికింది, మడతపెట్టి తిరిగి ఇచ్చేసింది.

"నాకు కళ్లు ఆనవమ్మా. కింద దుకాణంలో ఇచ్చీ. బేగి ఎల్లు, మూసెత్తారు."

ఆమె వెళ్లాక అమ్మ నావైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"సరే, వస్తువు కాదనే అనుకో. మరి నాకు పోనాదేటే?"