పడవ కర్రకు కట్టిన చొక్కా

ఉప్పు, డీజిలు కలిసిన వాసన ఎంత కడిగినా నా చేతుల్ని వదలడం లేదు. ఇవాళ తప్పు చేశాను. శ్రీకాకుళం తీరంలో నేను చూసుకునే చేపల జెట్టీ మీద పక్క షెడ్లలో మరమ్మతులు చేసే జనం లారీలకు అడ్డొస్తున్నారని, జెట్టీకీ ఆ షెడ్లకూ మధ్య పొద్దున్నే రేకుల గోడ కట్టించాను. ఎండెక్కాక ఎర్రయ్య పడవ దగ్గుతూ వచ్చింది. ఇంజను పాడైతే పడవ కర్రకు చొక్కా, వల చిరిగితే వలముక్క కట్టడం ఇక్కడి అలవాటు. అది చూసి, పడవ ఒడ్డు తాకేలోపే షెడ్లలోంచి మెకానిక్కో, వలలు కుట్టే ఆడవాళ్ళో గట్టు మీదికి వచ్చేస్తారు. ఇవాళ చొక్కా ఎగురుతూనే ఉంది, రేకుల వెనుక ఎవరికీ కనబడలేదు. చేపలు దింపే చోటే ఆ పడవ కదలకుండా ఆగిపోయింది. వెనుక నిలిచిపోయిన కామమ్మ పడవలో మంచు కరిగి చేప మెత్తబడింది.

"గోడ బాగుంది బాబూ. నా సేపలు దానికే అమ్ముకోమంటావేటి?" అంది కామమ్మ.

పోలమ్మగారు గుర్తొచ్చారు. నాకంటే ముందు ఈ జెట్టీని నడిపిన మనిషి, నాకు పని నేర్పిన మనిషి. కొత్తలో పడవలు బారులు తీరితే, గట్టు పొడిగిద్దామని నేనన్నాను. ఆమె నవ్వి నన్ను మంచుమిల్లు, తాళ్ళ కొట్టు, వడ్రంగి షెడ్డు, అన్నీ తిప్పారు. "ఏటిరా చీపురుపల్లోడా, జెట్టీ అంటే ఈ సిమెంటు గట్టే అనుకున్నావేటి? ఈల్లంతా పక్కపక్కనుంటేనే పడవ తొరగా తిరిగెల్తాది. పడవెల్తేనే ఎనకదానికి సోటు." ఆఫీసులో కుర్చీ ఉన్నా ఆమె టీ తాగేది మెకానిక్ అప్పన్న షెడ్డులోనే. "నీల్లకి మొగంపెట్టి కూకోరా," అనేవారు. ఆమె పోయాక నేను ఆఫీసు గోడకు మొహం పెట్టి కూర్చున్నాను. ఎన్ని లారీలు పడతాయో చూసుకున్నాను గానీ, పడవ ఎందుకు ఆగుతుందో అడగలేదు.

మధ్యాహ్నం అప్పన్న దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనన్నాను. "మాటలు తరవాత, ముందా స్పానరట్టుకోండి," అన్నాడు. ఇద్దరం ఎర్రయ్య ఇంజను బాగుచేసి, రేకులన్నీ ఊడదీశాం. నా బల్లను అతని షెడ్డులోకి, సముద్రం కనబడేలా మార్చాను. తర్వాత కామమ్మ పక్కన కూర్చుని మెత్తబడిన చేపల్ని చీల్చి ఉప్పు పట్టించాను. ఆరబెట్టడానికి చోటు చాలకపోతే, ఊడదీసిన రేకులు తెచ్చి పరిచాను.

కామమ్మ వాటి మీద చేపలు సర్దుతూ, తలెత్తకుండానే అంది: "ఇప్పుడు పనికొచ్చింది నీ గోడ."