వేట తెచ్చిన బండికి గేటు లేదు

శృంగవరపుకోట నుంచి అరకు వైపు జీపు తోలిన రోజుల్లో గేట్ల దగ్గర కట్టినంత శ్రద్ధగా నేను కాలేజీకి ఫీజు కూడా కట్టలేదు. బీఎస్సీ అయ్యాక, ఉద్యోగం వచ్చేదాకా అని మేనమామ జీపు స్టీరింగు పట్టుకున్నాను. ఆ 'దాకా' అన్నది ఘాట్‌రోడ్డు లాంటిది. ఈ మలుపుతో అయిపోతుందనిపిస్తుంది. తిరిగాక ఇంకో మలుపు ఉంటుంది.

కొండ మొదట్లో సర్కారు గేటు ఒకటి ఉండేది. అక్కడి గుమాస్తా డబ్బు తీసుకుని, రసీదు చింపి, మన మొహం చూడకుండానే చేతిలో పెట్టేవాడు. అడ్డకర్ర పైకి లేచేది. అన్నేళ్ళలో మా ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ మొత్తం "చిల్లర లేదా?" అన్న ఒక్క మాటే. అది కూడా అతనే అనేవాడు.

చైత్రమాసం వచ్చిందంటే మాత్రం ఆ రోడ్డు మీద గేట్లు పిల్లల్ని పెట్టేవి. కొండ ఊళ్ళలో ఇటుకల పండగ. మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఊరూ రోడ్డూ ఆడవాళ్ళ చేతికి వస్తాయి. రోడ్డుకు అడ్డంగా వెదురుబొంగు, దాని వెనక వరసగా ఆడవాళ్ళు. పండగ ఖర్చుకు ఏదో ఒకటి ఇవ్వనిదే బండి కదలదు. రసీదు ఉండదు, పాట ఉంటుంది. బాగా ఇస్తే కొండదేవత మీద పాడతారు. తక్కువిస్తే మన మీద పాడతారు. నా మీద కొన్ని పాటలున్నాయని తర్వాత తెలిసింది. వాటిలో ఒకటి బాగుంటుందట.

ఒక ఏడు ఆ పండగ రోజుల్లో నా జీపులో ఇద్దరే ఎక్కారు. మగవాళ్ళు అడవిలో, ఆడవాళ్ళు రోడ్డు మీద ఉంటే ఎక్కడానికి ఎవరు మిగులుతారు? ముందు సీట్లో ఆశీలు కాంట్రాక్టరు. అంటే వారపు సంతలో బుట్టకింత, కోడికింత అని వసూలు చేసుకునే హక్కు వేలంలో పాడుకున్న మనిషి. మా కోట వైపువాడే. భారీ విగ్రహం. ఎండకు చొక్కా గుండీలు సగం విప్పేసి, గుండెల మీది దట్టమైన జుట్టుకు గాలి తగిలేలా కూర్చున్నాడు. నేను బాబాయ్ అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. ముందు సీట్లో కూర్చునేవాళ్ళందరూ నాకు బాబాయిలే.

వెనక సీట్లో కొండ ఊరి ముసలాయన. ఎడమ కంటికి ఆకుపచ్చ గుడ్డ. కోటలో పెట్టిన కంటి శిబిరంలో శుక్లం తీయించుకుని ఇంటికి పోతున్నాడు. అతన్ని స్టాండు దాకా తీసుకొచ్చిన నర్సమ్మ, మందుచుక్కల సీసా నా చేతిలో పెట్టి, చెప్పాల్సిందంతా అతనికి చెప్పడం మానేసి నాకు చెప్పింది.

"డ్రైవరుబాబూ, కంట్లో చుక్క నీళ్ళు పడకూడదు. మురికినీళ్ళు అసలే పడకూడదు. పడ్డాయా, కన్ను పోయినట్టే. జాగ్రత్తగా దింపు."

అప్పటిదాకా నా జీపులో అంత విలువైన సరుకు ఎక్కలేదు.

టైడా దాటాక మొదటి గేటు తగిలింది. కాంట్రాక్టరు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. డబ్బు తియ్యడానికి కాదు.

"ఏటమ్మా ఇది? గవర్నమెంటు రోడ్డు మీద మీ వసూలేటి? రసీదేదీ?"

"ఓలమ్మో, ఆశీలు బాబు!" ఒకామె గుర్తుపట్టి, బొంగు మీద మోచేతులు ఆనించి తీరిగ్గా నిలబడింది. "సంతలో నా అనాస బుట్ట మీద తీసుకుంతావు గదా. నువ్వెప్పుడైనా రసీదిచ్చినావేటి?"

"నాది వేలంపాట."

"మాదీ పాటే. పాడమంతావేటి?"

కాంట్రాక్టరు ఇచ్చాడు. నేనూ ఇచ్చాను. బొంగు లేచింది. వెనక్కి తిరిగి చూస్తే ముసలాయన సీటు మీద లేడు. కింద కూర్చుని, నెత్తిన తువ్వాలు కప్పుకుని ఉన్నాడు.

"ఎండ ఎక్కువగా ఉందా తాతా?"

"ఎండ గాదు బాబూ. పైన మా ఊరి గేటుంటాది."

"ఉంటే? సొంతూరివాడివి, నిన్నేం అడుగుతారు?"

"ఏట అడుగుతారు. అడివికి పోయి ఏటి తెచ్చినావంతారు."

అప్పుడు చెప్పుకొచ్చాడు. ఆ ఊళ్ళో వేటకు మొదటి బాణం వేసే పెద్దరికం అతనిది. కిందటేడు ఎలుగుబంటి అనుకుని కాలిన మొద్దును కొట్టాడు. బాణం బాగానే దిగిందట. మొద్దే కదల్లేదట. కళ్ళ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడు పండగ రోజుల్లోనే శిబిరం పడింది. వేట మానేసి కన్ను కోయించుకుంటానంటే నవ్వుతారని, అందరితోపాటు విల్లు పట్టుకుని బయల్దేరాడు. దారి చీలిన చోట వెనకబడి, విల్లును చెట్టు మీద దాచి, టైడా స్టేషనుకు దిగి రైలెక్కేశాడు. ఇంట్లో ముసలమ్మకు కూడా తెలియదు. ఆవిడ లెక్కలో అతనింకా అడవిలోనే ఉన్నాడు.

"మగోడు ఉత్త సేతుల్తో ఊళ్ళోకొత్తే పేడనీళ్ళే బాబూ. కుండల్లో కలిపి గేటు కాడే ఉంచుతారు."

నా కాలు యాక్సిలేటరు మీంచి దానంతటదే లేచింది.

"కంటి ఆపరేషను అని చెబుదాం."

"ముందు సల్లుతారు. తరవాత సూత్తారు."

"నేను ముందు దిగి బతిమాలతాను."

"వొద్దు." ఆ మాట మాత్రం గట్టిగా అన్నాడు. "మా బావ బతిమాలుకున్నాడని ఆడి మీద పాట కట్టినారు. ఆడు సచ్చిపోయి శానా కాలమైపోనాది. పాట బాగానే ఉన్నాది."

కాంట్రాక్టరు వేలంపాటలు నెగ్గిన మనిషి. ఉపాయం లేకుండా ఉండలేడు. "దార్లో ఓ నాటుకోడిని కొనేద్దాం. అదే వేటని చూపించు."

వెనక తువ్వాలు కాస్త పైకి లేచింది.

"కోడిని ఏటాడేనని సెప్పమంతావేటి బాబూ?" అన్నాడు ముసలాయన. కోపం లేదు. జాలిపడ్డాడు, అంతే.

"అయితే ఆపకుండా పోనియ్‌రా అబ్బాయ్."

"రేపు మళ్ళీ ఈ రోడ్డు మీదే రావాలి బాబాయ్."

వేటగాళ్ళు తిరిగొచ్చేదాకా ఎక్కడైనా ఆగుదామంటే వాళ్ళెప్పుడు వస్తారో వాళ్ళకే తెలియదు. కంట్లో మందుచుక్కలు వేళకు పడాలి. బండి పక్కకు తీసి జీపు పరదాలు దించి కట్టాను. వాటి చిరుగుల్లోంచి వాన లోపలికి రావడం నాకు తెలుసు. పేడనీళ్ళకు ఆ దారి తెలియదని అనుకోవడానికి కారణమేమీ కనిపించలేదు.

ఆ ఊరి గేటు మలుపులోనే ఉంది. బొంగు పక్కన కుండలు వరసగా ఉన్నాయి. అందరికంటే ముందు ఒక ముసలమ్మ నిలబడి, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. జీపు ఆగగానే ఆవిడ వెనక పరదా ఎత్తి చూసింది. చుట్ట చేతిలోకి వచ్చింది.

"ఓలి! మా ముసిలోడు!"

ఆ కేకతో కుండలన్నీ లేచాయి. వేటగాడు జీపులో రావడం ఆ ఊరి చరిత్రలో లేదు కాబోలు, నవ్వులతో రోడ్డు దద్దరిల్లింది. నేను దిగి అడ్డం పోబోయేసరికి ముసలాయనే దిగాడు. తువ్వాలు కళ్ళ మీదికి లాక్కుని, ఒక చెయ్యి జీపుకు ఆనించి నిలబడ్డాడు. కింద రాళ్ళు అతనికి సరిగ్గా కనిపించడం లేదు.

"ఏదీ ఏట?" అంది ముసలమ్మ. ఆవిడ చేతిలో కుండ భుజం దాకా లేచి ఉంది.

ముసలాయన జీపు పట్టుకుని తడుముకుంటూ ముందుకు నడిచాడు. ముందు సీటు దగ్గర ఆగి, లోపలికి చెయ్యి పెట్టి, కాంట్రాక్టరు మణికట్టు పట్టుకున్నాడు.

"ఇదిగో. ఎలుగు. ఈపాలి మొద్దు గాదు."

నవ్వులు ఆగిపోయాయి. అందరి చూపూ ముందు సీటు మీదికి పోయింది. కాంట్రాక్టరు కుండను చూశాడు. తువ్వాలు కింద ఆకుపచ్చ గుడ్డ అంచును చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను చేయగలిగిన సాయం ఏమీ లేదు కాబట్టి స్పీడోమీటరును చూశాను. అది పనిచేసి చాలా కాలమైంది.

ఆయన జీపు దిగాడు. గుండీలు విప్పిన చొక్కాతో రోడ్డు మధ్యకు వచ్చి, రెండు చేతులూ పైకెత్తి గర్జించాడు. పెద్ద గర్జనేమీ కాదు. గొంతు సవరించుకున్నంత.

ఆడవాళ్ళు కుండలు ఎక్కడివక్కడ దించేసి నవ్వడం మొదలుపెట్టారు. కుండ పట్టుకుని అంత నవ్వు నవ్వడం కుదరదు.

ముసలమ్మ మాత్రం వేటను పరీక్షించకుండా వదల్లేదు. చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఎలుగు బాగుంది. బాణం దెబ్బేదీ?"

"పొద్దుట్నించీ ప్రతి గేటు దగ్గరా కట్టుకుంటూ వస్తున్నానమ్మా," అన్నాడు కాంట్రాక్టరు. "దెబ్బ లోపల తగిలింది."

అది విని ఆవిడ కుండ దించింది. మొగుడి దగ్గరికి పోయి తువ్వాలు ఎత్తింది. ఆకుపచ్చ గుడ్డ కనిపించింది. తడి చేతిని చీరకు తుడుచుకుని, గుడ్డ అంచు మీద దుమ్ము పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.

"సెప్పకుండా ఎల్తావేటి ముసిలోడా?"

"నవ్వుతావని."

"నవ్వుతాను గావాల. అయితే మాత్రం సెప్పవేటి?" కాస్త ఆగి అడిగింది. "నాను అగుపిత్తన్నానా?"

"పాత కంటితోటే సూత్తన్నాను. మసగ్గా ఉన్నావు. పట్టీ ఇప్పేక బాగా సూత్తాను."

"ఇంకెప్పుడైనా సూడు. ఇయ్యాల పేడ కలిపిన సేతులు."

కాంట్రాక్టరుకు పసుపునీళ్ళతో కాళ్ళు కడిగారు. వేటకు దక్కే మర్యాద అది. సంతలో ఆయన కుర్చీకి కూడా అంత మర్యాద నేను చూడలేదు. ఆయన మొహమాటంగా ఒక్కో కాలూ ఎత్తాడు. మందు సీసా ముసలమ్మ చేతిలో పెట్టి, నర్సమ్మ చెప్పిందంతా అప్పజెప్పాను. ఆవిడ నాతో తిరిగి చెప్పించుకుంది. బయల్దేరేటప్పుడు జేబులో చెయ్యి పెట్టబోతే బొంగు అప్పటికే పైకి లేచి ఉంది.

"ఏట తెచ్చిన బండికి గేటు నేదు. బేగి ఎల్లు," అంది.

ఆ రోడ్డు మీద నేను ఏమీ కట్టకుండా దాటిన గేటు అదొక్కటే.

వానలు పడ్డాక ఒక సంతరోజున ముసలాయన దారిలో జీపెక్కాడు. ఆకుపచ్చ గుడ్డ లేదు. ఎక్కుతూనే దూరంగా కొండవాలు మీద మేస్తున్న మేకల్లో గొర్రె ఒకటుందని చెప్పాడు. నాకు రెండూ కనిపించలేదు. ముందు సీట్లో కాంట్రాక్టరు ఉన్నాడు, ఎప్పటిలాగే గుండీలు విప్పుకుని. ముసలాయన ముందుకు వంగి ఆయన్ని ఎగాదిగా చూశాడు. కొత్త కంటితో చూడటం అదే మొదటిసారి.

"ఓర్నాయనో, ఆశీలు బాబూ! ఇంత ముదురువేటి నువ్వు? ఆయేళ లేతదనుకున్నాను."

"తెలిస్తే ఏం చేసేవాడివి?"

"ఒగ్గేసుందును. మాంసం గట్టి."

కాంట్రాక్టరు చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.