నాకు చెప్పకుండా దించిన మూడు మెట్లు

ఇరవై ఎనిమిదేళ్లుగా నా గొంతు వెంట్రుకవాసి కూడా దిగలేదని మొన్నమొన్నటి దాకా నేను మనస్ఫూర్తిగా నమ్మాను. ఒంట్లో మిగతావన్నీ దిగాయి. జుట్టు వెనక్కి దిగింది, పొట్ట ముందుకు దిగింది, కళ్లద్దాలు ముక్కు మీదికి దిగాయి. గొంతు మాత్రం మేం బ్యాండు పెట్టిన రోజున ఏ ఎత్తున ఉందో ఆ ఎత్తునే జెండాలా ఎగురుతోందని శంషాబాద్ బస్టాండు నుంచి ఆరాంఘర్ చౌరస్తా దాకా దొరికిన ప్రతి మనిషికీ చెప్పాను. నేను ఇన్సూరెన్స్ ఏజెంటును. పాలసీ కోసం ఎవరింటికి వెళ్లినా ముందు నా గొంతు సంగతి, తరవాతే వాళ్ల ప్రాణం సంగతి. ఒక పెద్దాయన నా మాట ఆపడం కోసమే సంతకం పెట్టాడని మా ఆవిడ అంటుంది. అసూయ.

మాది రాక్ బ్యాండు. పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయించే పార్టీ కాదు. మా పాటలు మేమే రాసుకుంటాం, మేమే కడతాం, ఎక్కువగా మేమే వింటాం. నలుగురం. లీడ్ గిటార్ వాయించేవాడు శంషాబాద్ పక్క ఊళ్లో రైతు బిడ్డ, ఇప్పుడు టెంటు హౌస్ నడుపుతాడు. బేస్ గిటార్ వాడు కొత్తూరులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. డ్రమ్స్ వాడు ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు, ఆదివారాలు చర్చిలో వాయిస్తాడు. గాయకుణ్ని నేను. నలుగురిలో పెద్దవాణ్ని కూడా నేనే, యాభై మూడు. ప్రాక్టీసు టెంటు హౌస్ గోదాములో. ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండు వేల కుర్చీలు మాకు ఎదురుగా ఉంటాయి. రెండు వేల కుర్చీలకు తక్కువగా మేం ఎన్నడూ పాడలేదని నేను చెప్పుకోవడంలో అందుకే అబద్ధం లేదు. వాటిలో ఎవరైనా కూర్చున్నారా అని అడిగే గుణం జనానికి ఉంటుంది, అది వాళ్ల ఖర్మ.

మా పాటలన్నిట్లో పెద్ద పాట గుట్ట పాట. గగన్‌పహాడ్ వైపు రాళ్లు పేల్చే రోజుల్లో కట్టాం. ఎంత పేల్చినా గుట్ట ఒప్పుకోదు, చివర్లో గొంతెత్తి ‘ఆగ’ అంటుంది. ఆగను అని. ఆ ‘ఆ’ ఎంత పైకి వెళుతుందంటే, దిగబోతున్న విమానాలు దాన్ని చూసి ఇంకో చుట్టు తిరిగి వస్తాయి. నేను ఆ మాట అందుకున్నప్పుడల్లా గోదాము రేకులు మోగేవి. రేకులు గాలికి మోగుతాయని డ్రమ్స్ వాడి వాదన.

ఆ పాటతో పూర్వం ఒక క్యాసెట్ కూడా చేశాం. కొన్నేళ్ల కిందట ఒకరోజు దాన్ని పెట్టుకుని వింటే నా గొంతు వింతగా సన్నంగా, చిన్నపిల్లాడిలా వినబడింది. లీడ్ గిటార్ వాణ్ని అడిగాను. ప్లేయర్‌లో మోటారు జోరుగా తిరుగుతోందన్నాడు. మూడు సార్లు రిపేరుకు ఇచ్చాను. మోటారు బానే ఉందని మెకానిక్ మూడు సార్లూ చెప్పాడు. శంషాబాద్‌లో మంచి మెకానిక్ దొరకడు అని తీర్మానించుకుని ప్లేయర్ అటక మీద పెట్టేశాను.

ఇలా ఉండగా, డ్రమ్స్ వాడి క్యాబ్‌లో ఒకావిడ ఎక్కింది. ఎయిర్‌పోర్టు దగ్గర కొత్తగా వచ్చిన హోటల్లో మేనేజరు. దారిలో వాడు మా గుట్ట పాట వినిపించాడు. ఆవిడ కిటికీ తెరుచుకుని దూకకుండా, ఎవరిదీ అని అడిగింది. శనివారాలు హోటల్ లాన్‌లో సొంత పాటలు పాడే బ్యాండు కోసం వెతుకుతున్నారట. గురువారం పదకొండు గంటలకు వచ్చి ఆ పాట వాయించి చూపించమంది. ఇరవై ఎనిమిదేళ్లలో మమ్మల్ని ఎవరైనా పిలవడం, పిలిచి మా పాటే అడగడం అదే మొదలు. మేం కాక ఇంకో రెండు బ్యాండ్లు వస్తున్నాయని తెలిసింది. వాళ్లందరి వయసులు కలిపినా నా ఒక్కడి వయసుకు రాదు, వచ్చినా కొసరే. ఈ అవకాశం పోతే ఇంకోటి వచ్చేలోపు మాలో ఎవరి మోకాళ్లు ఉంటాయో ఎవరివి పోతాయో. అందుకే గోదాములో వారం రోజులు రెండు పూటలా వాయించాం. కుర్చీలు కూడా అలిసిపోయాయి.

గురువారం. హోటల్లో ఒక హాలు. అందులో దీపాల గుత్తి మా ఇంటి హాలంత ఉంది. మేనేజరమ్మ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఒక మూల ఒకాయన భోజనాల కోసం ప్లేట్లు పేరుస్తున్నాడు. ఏ బ్యాండు వచ్చినా హోటల్ కీబోర్డు ఆయన కూడా కలిసి వాయించాలని అక్కడ పద్ధతి. ఆయన గోదావరి వైపు మనిషి, అరవై దాటి ఉంటాడు. కళ్లు మూసుకుని చెవులతోనే మనుషులను చూసే రకం.

“ఏ శ్రుతిలో పాడతారండీ?” అని అడిగాడు.

“ఈ” అన్నాను, గిటార్ లెక్కలో ఇంగ్లీషు అక్షరం. “ఇరవై ఎనిమిదేండ్ల సంది అదే ఈ.”

నా వెనక లీడ్ గిటార్ వాడు వంగి బూటు లేసు సరిచేసుకోసాగాడు. వాడు చెప్పులు వేసుకొచ్చాడు.

మొదలుపెట్టాం. రెండు క్షణాల్లో, రెండు లారీలు ఒకే గేటులోంచి ఒకేసారి రాబోయినట్టు ఒక శబ్దం పుట్టింది. కీబోర్డాయన వేళ్లు తీసేశాడు.

“గిటార్లు మూడు మెట్లు కిందున్నాయండి” అన్నాడు. “రెండూనండి. సరిగ్గా మూడే.”

నాకు ఒళ్లు మండిపోయింది. బతుకులో వచ్చిన ఒక్క రోజున తీగలు సవరించుకోకుండా వచ్చారా అని ఇద్దరినీ అందరి ముందే కడిగేశాను. పైకి తెమ్మన్నాను. లీడ్ గిటార్ వాడు నా కళ్లలోకి చూడలేదు.

“అన్నా, ఇయ్యాల్టికి గిట్లనే పాడు జర.”

“ఇన్నేండ్ల పాటను ఇయ్యాల కిందికి గుంజుతవా? నా గొంతుకు ఏమైందిరా?”

బేస్ వాడు దీపాల గుత్తిలో దీపాలు లెక్కపెడుతున్నాడు. డ్రమ్స్ వాడు ఏదో అనబోయి పుల్లలు ఒడిలో పెట్టుకున్నాడు. చివరికి తీగలు బిగించారు. బిగిస్తుంటే లీడ్ గిటార్ వాడి సన్న తీగ టప్పున తెగింది. వేరే తీగ కట్టాడు. ఆ తీగకు ఉన్న బుద్ధి నాకు లేకపోయింది.

పాడాను. మొదటి చరణంలోనే మెడ నరాలు పైకి లేచి చుట్టూ చూశాయి. రెండో చరణానికి చెవులు వేడెక్కాయి. ఆ మాట దగ్గరికి వచ్చాను. ఊపిరి పట్టి, కాలి బొటనవేళ్ల మీద లేచి, ‘ఆ’ అన్నాను. అక్కడ గొంతు ఆగింది. ఆగను అనే మాట మీద ఆగింది. ఆగుతూ ఆగుతూ ఒక కూత పెట్టింది. గొంతులో చేప ముల్లు పడిన పిల్లి గేటు సందులో తోక ఇరికించుకుంటే వచ్చే చప్పుడు నాకు తెలియదు గానీ, తెలిసుంటే ఇదే అని పోల్చుకునేవాణ్ని. 

మేనేజరమ్మ మంచి మనిషి. “పది నిమిషాలు బ్రేక్ తీసుకోండి సార్, నీళ్లు తాగండి” అంది.

హాలు వెనక నీళ్ల ట్యాంకరు పక్కన నలుగురం నిలబడ్డాం. నెత్తి మీద విమానం ఒకటి దిగింది. ముందు నోరు విప్పింది డ్రమ్స్ వాడు. వాడి వాయిద్యానికి శ్రుతి గొడవ లేదు కాబట్టి నేరంలో వాడికి భాగం తక్కువ.

“అన్నా, నేను ఆదివారం చర్చిల కూసుంట. ఇగ దాచుడు నాతోని కాదు, జెప్తున్న. వాళ్లు దించిండ్రు.”

పన్నెండేళ్ల కిందట నాకు జ్వరం వచ్చి తగ్గిన తరవాత ఆ పై మాట పట్టుబడలేదట. ఆ వారం తీగలు ఒక మెట్టు దించారట. నేను ఎగిరి గంతేసి పాడానట. మళ్లీ ఎక్కిద్దామనుకుంటూనే ఎక్కించలేదట. అయిదారేళ్లకు రెండో మెట్టు. కరోనా తరవాత మూడోది. ప్రతిసారీ ప్రాక్టీసుకు ముందు నన్ను చాయ్ తెమ్మని ఎందుకు పంపేవాళ్లో అప్పుడు తెలిసింది. పన్నెండేళ్లు నేను మోసిన చాయ్‌తో ఒక చెరువు నిండుతుంది. అటక మీదున్న మోటారుకూ, ముగ్గురు నలుగురి ముందు నేను తిట్టిన ఆ మెకానిక్‌కూ మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ తరవాత వాళ్లను ఏమేం అన్నానో రాస్తే ఈ కాగితం కాలుతుంది. ఇక ఈ బ్యాండుకూ నాకూ సంబంధం లేదని చెప్పి గేటు వైపు నడిచాను. అక్కడ సెక్యూరిటీ ఆయన రిజిస్టరు తిప్పి, బయటికి వెళ్లే టైము రాసి సంతకం పెట్టమన్నాడు. పొద్దున వచ్చేటప్పుడు ‘పని’ అన్న గడిలో నేను ‘గాయకుడు’ అని రాసుకున్నాను. ఆ అక్షరాలు పక్క గడిలోకి కూడా పాకాయి, అంత పెద్దవి.

బేస్ వాడు వెనకే వచ్చాడు. వాడు మామూలుగా నెలకు రెండు వాక్యాలు మాట్లాడతాడు. ఆ నెల కోటా అంతా అక్కడే ఖర్చు పెట్టాడు.

“జరమొచ్చినప్పుడు ఏమన్నవో యాది చేసుకో. గా మాట రాకపోతే బ్యాండు బంద్ అన్నవ్. నువ్వు బంద్ పెడ్తవని దించినం.”

అన్నాను. గుర్తుంది. ఇంట్లో కూడా చెప్పి, మైకు గుడ్డలో చుట్టి పెట్టేశాను కూడా. వారం తరవాత పాట మళ్లీ పలికితే, నా గొంతు మృత్యువును గెలిచిందని ఊరంతా చెప్పుకున్నాను. గెలిచింది వీళ్లు. అంత వదులు తీగల మీద, చీర కుచ్చిళ్లలా ఊగే తీగల మీద, బేస్ వాడు ఇన్నేళ్లు నా కోసం గరగరమనే మోతతో తంటాలు పడ్డాడు. నేను దాన్ని వాడి చేతకానితనం అనుకుని సలహాలు ఇచ్చాను.

పెన్ను తిరిగిచ్చేశాను. సంతకం పెట్టలేదు.

“దా” అన్నాను బేస్ వాడితో. “పది నిమిషాలు అయిపోతున్నయ్.”

హాల్లోకి వెళ్లి నేరుగా కీబోర్డు దగ్గర నిలబడ్డాను. మేనేజరమ్మ వింటోంది, ప్లేట్ల ఆయన వింటున్నాడు. మూడు మెట్లు దించమని నా నోటితో నేనే అడిగాను. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి పట్టిన ఊపిరితో మామూలుగా రెండు పాటలు పాడతాను.

ఆయన కళ్లు తెరిచి నన్ను మొదటిసారి చూశాడు.

“మూడైతే ఆ పై మాట దగ్గర ఇంకా మెడ సాగదీయాల్సి వస్తుందండి. నాలుగైతే నిలబడి పాడతారు. మీ ఇష్టం.”

మా వాళ్లు ముగ్గురూ నేల చూశారు. నాలుగో మెట్టు దించే ధైర్యం వాళ్లకు కూడా లేకపోయింది.

“నాలుగే దించుండ్రి” అన్నాను.

నా ఎదుటే తీగలు వదులు చేశారు. అది చూడటం నాకు కొత్త. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇక్కడ ఒక్కచోట ఉన్నది ఉన్నట్టు చెబుతాను. దీపాల గుత్తి కదలలేదు. విమానాలు వాటి దారిన అవి దిగాయి. నా గొంతు యాభై మూడేళ్ల గొంతులా ఉంది, కొంచెం గరుకుగా, అడుగున కొంచెం బరువుగా. ఎప్పుడూ పైమాట గుబులుతో గబగబా దాటేసే మొదటి చరణంలో మాటలు ఉన్నాయని అప్పుడు తెలిసింది, అవి నేను రాసినవే. ‘ఆ’ దగ్గరికి వచ్చేసరికి మడమలు నేల మీదే ఉన్నాయి. డ్రమ్స్ వాడు నాలుగు దెబ్బలు కొట్టే దాకా పట్టుకుని, ‘గ’ అని దించాను. ప్లేట్ల ఆయన పని ఆపలేదు. చప్పుడు కాకుండా పేర్చాడు.

మేనేజరమ్మ ల్యాప్‌టాప్ మూసింది. శనివారం సాయంత్రం ఏడు గంటల టైము పిల్లల బ్యాండుకు ఇస్తున్నానని దాచకుండా చెప్పింది. మాకు నాలుగు నుంచి అయిదు, చాయ్ టైము, ఒక నెల చూద్దామంది. “లాన్‌లో ఎండ ఉంటుంది సార్. జనం కూడా అంతగా ఉండరు.”

“కుర్చీలైతే ఉంటయి గదమ్మా” అన్నాడు లీడ్ గిటార్ వాడు. పొద్దుటి నుంచి వాడు తలెత్తి మాట్లాడిన మాట అదొక్కటే. నేను నెల కాదు, ఏడాదికి కూడా సిద్ధమేనని చెప్పాను. ఆవిడ నెలే అంది.

వైర్లు చుట్టుకుంటూ కీబోర్డాయన్ని పక్కకు పిలిచి, ఈ పాట ఇంకా ఎన్ని మెట్లు దిగగలదని అడిగాను. ఆయన కళ్లు మూసుకుని లోపలే పాడి చూసుకున్నాడు.

“ఇంకో అయిదు దిగొచ్చండి. ఆ కింద ఇక పాట కాదు, మాట్లాడుకోవడమే.”

క్యాబ్‌లో హైవే ఎక్కగానే లెక్క వేసి ముగ్గురికీ చెప్పాను. నాలుగు మెట్లు దిగడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది, అంటే మెట్టుకు ఏడేళ్లు. ఇంకా అయిదున్నాయి, అంటే ముప్పై అయిదేళ్లు. నాకు ఎనభై ఎనిమిది వచ్చే దాకా బ్యాండుకు ఢోకా లేదు. డ్రమ్స్ వాడు అద్దంలోంచి నన్ను చూశాడు.

“ఎనభై ఎనిమిదికి బండి ఎవడు నడుపుతడే?”

“నువ్వే” అన్నాను. “రేపు పొద్దుగాల ఆరింటికి గోదాము తెరువుండ్రి. ఇంకా పదకొండు పాటలు దించేటియి ఉన్నయ్.”