కొత్తదనం చెడని ఫ్రిజ్

ఆ ఆసుపత్రి స్టోర్‌కీపరు మహా జాగ్రత్తపరుడు. కాస్త దూది కావాలన్నా మనిషిని నాలుగుసార్లు తిప్పించుకుంటే గానీ ఆయన చెయ్యి తాళం మీదికి వెళ్లేది కాదు. ఆయన ప్రాణమంతా మందుల గది మూలనున్న ఫ్రిజ్ మీదే. కాన్పయ్యాక ఆగని రక్తాన్ని ఆపే ఇంజెక్షన్లు అందులోనే ఉండేవి.

కరెంటు వస్తూ పోతూ ఉండే ఊరు. మోటారు ఎక్కడ కాలిపోతుందోనని ఈ మహానుభావుడు రోజూ ఇంటికి పోతూ పోతూ ప్లగ్గు పీకేసేవాడు. చల్లదనం లేకపోతే మందు చచ్చిపోతుందని కాన్పుల నర్సు చెప్పి చెప్పి అలిసిపోయింది.

"మోటారు కాలితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది నేనమ్మా, నువ్వు కాదు" అనేవాడు.

అందులో అబద్ధమేమీ లేదు. మోటారు కాలితే పైవాళ్లు నిలదీస్తారు. బాలింత పోతే ఎవరూ నోరెత్తరు. ఇంజెక్షన్ ఇచ్చినా రక్తం ఆగక ఏ తల్లయినా కన్నుమూస్తే, ఒంట్లో సత్తువ లేని మనుషులని పెదవి విరిచి, టీ తాగడానికి వెళ్లిపోయేవాడు పెద్దమనిషి.

ఆయన కూతురు తొలికాన్పుకి అక్కడికే వచ్చింది. నాన్న ఉన్న చోటని ఆ పిల్లకి కొండంత ధైర్యం. మగబిడ్డ పుట్టాడు. రక్తం మాత్రం ఆగలేదు. అడగకుండానే మందు తెచ్చివ్వడం ఆయన ఉద్యోగంలో అదే మొదటిసారి. పరుగున వెళ్లి పెట్టె పెట్టెంతా తెచ్చి నర్సు చేతిలో పెట్టాడు. ఆమె ఒకటి పొడిచింది, ఇంకోటి పొడిచింది. పక్కబట్టలు తడుస్తూనే ఉన్నాయి.

"నాన్నా, మందు మంచిదేనా?" అంది కూతురు.

"మంచిదేనమ్మా" అన్నాడు. నర్సు ఆయన వంక చూడను కూడా చూడలేదు.

ఆపరేషన్ చేసే డాక్టరు ఉన్నది పట్నంలో. అక్కడికి చేరేలోపే, వ్యానులోనే, ఆ పిల్ల ప్రాణం పోయింది.

కొన్నాళ్లకు తనిఖీకి పెద్ద అధికారి వచ్చాడు. ఫ్రిజ్ తలుపు తెరిచి, వంగి మోటారు చూసి మురిసిపోయాడు.

"ఇన్నేళ్లయినా కొత్తదానిలా ఉందే. ఏం చేశావయ్యా?"

స్టోర్‌కీపరు ఫ్రిజ్ ప్లగ్గు వంక చూశాడు.

"ఆపేసి ఉంచాను సార్."

అధికారి చెవికి ఆ మాట పొదుపులా వినిపించింది. స్టోర్‌కీపరు భుజం తట్టి, మిగతా ఆసుపత్రుల్లోనూ ఇలాగే చేయమని చెబుతానని నలుగురిలో మెచ్చుకుని కారెక్కాడు.