లీల చెప్పిన విలన్

కోరుట్లలో బీడీలు చేసే ఆడవాళ్లకు చేతులు ఒక చోట, కళ్లు ఒక చోట ఉంటాయి. లీలకూ అంతే. ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు. ఎదురుగా టీవీ. వేళ్లు వాటంతట అవే చుట్టి దారం కట్టేస్తాయి. అందుకే సాయంత్రం సీరియల్ ఒక్క రోజూ తప్పదు. చూడాలన్న సరదా ఎప్పుడో చచ్చింది. చూసి మస్కట్‌కు చెప్పాలి, అందుకే చూడడం.

మస్కట్‌లో ఆమె మొగుడు రవీందర్ ఇంకో ఐదుగురితో ఒకే రూంలో ఉంటాడు. అందరూ మెట్‌పల్లి, కథలాపూర్ వైపు వాళ్లే. డ్యూటీ దిగి, పొయ్యి మీద అన్నం పెట్టి ఇంటికి ఫోన్ చేస్తాడు. లీలకు చెప్పుకోవలసిన మాట ఒకటే ఉంది. తంబాకు పొడికి దగ్గు పట్టుకుంది, డాక్టర్ బీడీలు మానెయ్యమన్నాడు. సిరిసిల్లలో అక్క ఇంటి దగ్గరి కుట్టుమిషన్ల షెడ్డులో పని నేర్పుతారట, పోనిమ్మని అడగాలి. కానీ అంతమంది వింటుండగా మొగుడూ పెళ్లాలు ఏం మాట్లాడుకుంటారు? "తిన్నవా" అంటే "తిన్న". ఆ తర్వాత రూమంతా ఫోన్ చుట్టూ చేరి, "ఈయ్యాల ఏమైంది చెల్లె? విలన్ ఎవలు?" అని మొదలుపెట్టేది.

విలన్‌ను తేల్చడం మాటలా! లీల అత్త పోశవ్వ కూడా ఫోన్ గుంజుకొని తీర్పు చెప్పేది. ఆమె లెక్కలో సీరియల్ కోడలు తుమ్మినా పన్నాగమే. పైగా సగం కథ కునికిపాట్లలో పోయేది. యూట్యూబ్ ముక్కలు మరీ అన్యాయం, పైన రాసేది ఒకటి, లోపల ఉండేది ఒకటి. చివరికి రూంలో పెద్దవాడు గంగయ్య ఖాయం చేశాడు. "లీల విలనంటెనే విలన్. గా పిల్ల ఉన్నదున్నట్టు చెప్తది."

సీరియల్‌లో పెద్దకోడలి మొగుడు విదేశంలో ఉంటాడు. అతనికి అక్కడ ఇంకో సంసారం ఉందని ఒక రోజు బయటపడింది. లీల చెప్పబోయి ఆగిపోయింది. గంగయ్య భార్యకు సరిగ్గా అదే అనుమానం, ఎవరో ఎక్కించారు. ఆమె అలిగి ముభావంగా మాట్లాడుతోందని, ఆయన అన్నం సగంలో వదిలేస్తున్నాడని రవీందరే చెప్పాడు.

"గాయిన మంచోడే కాకా," అంది లీల గంగయ్యతో. "అంత తోటికోడలి పని. దొంగ ఫోటోలు చేయించింది."

గంగయ్య ఊపిరి వదలడం ఫోన్‌లో వినిపించింది. పాపం, ఈ పూటైనా కడుపునిండా తింటాడనుకుంది లీల.

తిని ఊరుకుంటే బాగుండు. ఆయన వెంటనే భార్యకు ఫోన్ చేసి, "సీరియల్ల జూసినవా? గాయిన తప్పు లేదు. నాది గూడ గంతే" అన్నాడు. ఆమె కూడా కథలాపూర్‌లో బీడీలు చేస్తూ రోజూ అదే సీరియల్ చూసే మనిషి! "నేను కండ్లార చూసిందే కాదంటున్నవ్, ఇగ నీ సంగతి ఏం నమ్మాలె?" అని పెట్టేసింది. మళ్లీ ఎత్తలేదు.

ఆ రోజుతో రూంలో లీల మాట చెల్లడం ఆగిపోయింది. కథ చెప్పడానికి పోశవ్వనే పిలిచేవారు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని లీల ఎవరితో మొరపెట్టుకుంటుంది? దగ్గు మాత్రం ఎక్కువైంది. ఇక సిగ్గు వదిలి, అందరూ వింటుండగానే అడిగేసింది.

"నాకు బీడీలు చాతనైత లేదు. డాక్టర్ మానెయ్యమన్నడు. సిరిసిల్లకు పోత."

రవీందర్ కోప్పడలేదు. అలసిపోయిన గొంతుతో, "నిజమే చెప్తున్నవని ఎట్ల అనుకోవాలె? అమ్మకియ్యి" అన్నాడు.

లీల పోతే పోశవ్వ ఇంట్లో ఒంటరిదవుతుంది. ఎందుకు పొమ్మంటుంది? ఫోన్ ఇచ్చి తల వంచుకుంది.

పోశవ్వ ఫోన్ చెవికి పెట్టుకొని కోడలి వంక చూసింది. "దగ్గు నిజమే కొడుకా," అంది. "రాత్రి పక్కల లేసి కూసుంటది. పోనియ్యి."

"నువ్వు చెప్తున్నవ్ గదా, సరే. పొమ్మను."

పోశవ్వ ఫోన్ పక్కన పెట్టి చూస్తే కోడలు కొంగులో మొహం దాచుకొని ఏడుస్తోంది.

"పొమ్మన్నడు గదనే, ఇంకెందుకు ఏడుస్తున్నవ్?"

"గదే మాట నేను చెప్పిన గదా అత్తా," అంది లీల.